నెమలి దొర మట్టి కానుక

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదంటే, తూర్పు కొసన ఉరిమితే పడమటి కొసకు వినబడేసరికి వాన వెలిసిపోయేది. ఆ అడవిని నేను ఒంటికాలి మీద గెంతుతూ దాటాను. నమ్మకపోతే నా రెండో కాలినే అడగండి.

ఆ అడవిలో గుట్ట మీద పెద్దలుండేవారు. పల్లంలో ఓటర్లుండేవారు.

ఆ ఏడు అడవి పెద్ద పదవికి నెమలి దొర నిలబడ్డాడు. పోటీకి దిగింది నత్త. ప్రచారానికి బయలుదేరింది గానీ ఇంకా పల్లం చేరలేదు. అయినా నెమలికి దిగులే. గుట్ట మీద ఓట్లు పిడికెడు, పల్లంలో పుట్టెడు. పల్లం కాదంటే పదవి లేనట్టే.

"ఆ బురద జనానికి ఏం ఇష్టమో కనుక్కో," అని గుడ్లగూబ పండితుణ్ణి పంపాడు.

పల్లంలో ఒక కట్టుబాటు ఉంది. వేసవిలో ఆ ఒక్క మడుగే అందరికీ దిక్కు. అందుకని దాహానికి ఎవరొచ్చినా ముందు నోటెడు పూడిక తీసి గట్టున పడేయాలి, తర్వాతే నీళ్లు. ఏనుగైనా అంతే, ఎలుకైనా అంతే. నేనొకసారి నోటెడు తీస్తేనే గదా, ఇప్పుడు పెద్దలుంటున్న ఆ గుట్ట లేచింది!

గుడ్లగూబ మిట్టమధ్యాహ్నం వచ్చి, పగలు కనపడని కళ్లతో తెగ పరిశీలించాడు.

"దొరా, వాళ్లు మట్టికి వంగి వంగి మొక్కుతున్నారు! నోట్లో కూడా పెట్టుకుంటున్నారు. ప్రసాదం కాబోలు."

"ఛీ, ఇదా వీళ్ల బతుకు!" అని నెమలి ముక్కు చిట్లించాడు. అంతలోనే తేరుకున్నాడు. "సరే, మనమూ మొక్కుదాం. మన దగ్గర మట్టి లేకనా?"

మర్నాడు పింఛానికి బురద పూసుకుని, కోతుల నెత్తిన తట్టలకొద్దీ గుట్టమట్టి పెట్టించి, ఊరేగింపుగా దిగాడు.

"మట్టి బిడ్డలారా! మీ ఆచారమే నా ప్రాణం. ఇదిగో నా కానుక!" అంటూ మట్టంతా మడుగులో పోయించాడు.

పల్లమంతా నోరు తెరిచింది.

"చూశావా పండితా, భక్తితో మాటే రావట్లేదు!"

ముసలి అడవిదున్న పోలమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, పిల్లలు దాహంతో ఉన్నారు. మేం మట్టి తీసేవాళ్లం గానీ పోసేవాళ్లం కాదు. మాలో ఎవర్నడిగినా చెప్పేవాళ్లం గదా!"

"మామా, ఈసారి మా ఇళ్లు కాలితే నెయ్యి పోసి ఆర్పుతావా?" అంది ముంగిస.

గోలలో నెమలికి సరిగా వినబడలేదు. "ఏమంటున్నారు?"

"నీలాంటి దొరను ఎక్కడా చూడలేదంటున్నారు," అన్నాడు గుడ్లగూబ.

పోలింగు రోజున పల్లమంతా వరసకట్టింది. ఒక్కొక్కరే నోటెడు మట్టి తీసి, గుట్టెక్కి, నెమలి గుమ్మం ముందు పోసి, అటునుంచి అటే వెళ్లి నత్తకు ఓటేశారు. గుమ్మం ముందు లేచిన దిబ్బ సూర్యుడికి అడ్డమొస్తే, నేనే భుజంతో కాస్త పక్కకు నెట్టాను.

మడుగు తేటపడింది. నత్త గెలిచింది. పదవి తీసుకోవడానికి వస్తూ ఇంకా దారిలోనే ఉంది.

దిబ్బ వెనక ఇరుక్కున్న నెమలి దీనంగా అడిగాడు: "ఎందుకు ఓడాం పండితా?"

గుడ్లగూబ కళ్లు మూసుకుని బాగా ఆలోచించాడు.

"మట్టి చాలలేదు దొరా."

నీతి: ఓటరు మనసు తెలియాలంటే ఓటర్ని తప్ప అందర్నీ అడగాలి.