చుక్క ఆగిన పగలు

ఆ ఉదయం పొడివాడి పథకం చాలా చిన్నది: ట్యాంకు చిల్లు పూడ్చి పనికి వెళ్లడం. ఆసుపత్రి పట్టీలకూ, పసిపిల్లల డైపర్లకూ వాడే, నీళ్లు పీల్చే పొడిని సంచుల్లో నింపే ఉద్యోగం అతనిది. వీధిలో ఆ పేరు అందుకే వచ్చింది.

కింది వాటాలో ఇంటాయన రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. ఆయన మంచం పక్కన బకెట్లో పైకప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్లు పడుతున్నాయి. "నేను లేచేసరికి ఇది ఆగాలి. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్," అని తలుపేసుకున్నాడు. ఇంటాయన న్యాయం అంతే. ట్యాంకు ఆయనది, చిల్లు పై వాటాలో అద్దెకున్నవాడిది.

"మేస్త్రీని పిలవచ్చుగా?" అంది భార్య.

"వాడు రేపంటాడు. గుప్పెడు పొడేస్తే చిల్లు అదే మూసుకుంటుంది."

గుప్పెడన్నవాడు డాబా ఎక్కాక మనసాగక, పని నుంచి తెచ్చుకున్న డబ్బా మొత్తం ట్యాంకులో కుమ్మరించాడు. పొడి నీళ్లలో పొగమంచులా తిరిగి, బద్ధకంగా ఒళ్లు విరుచుకుంది. చుక్క ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత మెత్తగా ఉందంటే, అతను పిట్టగోడకు ఆనుకుని కునుకులోకి జారిపోయాడు.

స్నానాలగదిలో బావమరిది తలకు సబ్బు రాసుకుని కుళాయి తిప్పాడు. గాజు గోళీల్లాంటి బంక జారి అరచేతిలో కూర్చుంది.

"అక్కా, నిన్న నేనేదో అన్నానని బావ నీళ్లు కట్టేశాడు."

"మీ బావకంత పౌరుషం ఎక్కడేడిసింది? ట్యాంకు అడుగంటి ఉంటుంది," అంటూ ఆమె మోటారు వేసింది.

పొడికి కావలసిందీ అదే. ట్యాంకు మూత నిద్రలో నడిచేవాడిలా మెల్లగా పైకి లేచింది. దాని కింద అద్దంలాంటి గుట్ట, గుట్టలో తలకిందులుగా మబ్బులు. అది అంచు దాటి, తొందర లేకుండా ఒక్కో మెట్టూ దిగసాగింది. కళ్లు తెరిచిన పొడివాడు ఇదీ కలే అనుకున్నాడు, దాన్ని కడిగేద్దామని భార్య నీళ్ల బకెట్టెత్తేదాకా.

"నీళ్లు పొయ్యకే. దానికి పిలిచి భోజనం పెట్టినట్టవుతుంది."

అప్పటికే పోసేసింది.

ఎర్రబడ్డ కళ్లతో ఇంటాయన పైకొచ్చాడు. పొడివాడు మనసులో అప్పుడే సామాను సర్దుకుంటున్నాడు.

"ఆ చుక్క ఏదయ్యా?"

"ఆపేశానండి."

"అదే నా ఖర్మ. పొద్దుట్నుంచీ దొర్లుతున్నా, కన్ను మూతపడదే. ఇన్నాళ్లూ నన్ను జోకొట్టింది అదని నాకేం తెలుసు? అది మళ్లీ కారాలి. లేదంటే ఖాళీ చెయ్."

ఉప్పు తగిలితే ఆ బంక తాగిందంతా కక్కేస్తుంది. వంటింట్లో ఉన్న ఉప్పంతా ట్యాంకులోకి వెళ్లింది. సాయంత్రానికి చిల్లు నోరు తెరిచింది, చుక్క పడింది, కింద గురక మొదలైంది.

పై వాటాలో కాఫీ మాత్రం ఇప్పటికీ ఉప్పగానే ఉంటోంది.