మృగరాజు పక్క బోల్టు

ఒక పెద్ద అడవిలో, అంటే ఆఫీసూ కమిటీలూ పట్టేంత పెద్ద అడవిలో, అందరికీ దుంపలు ఉడికించే బాయిలరు ఒకటుండేది. దాని డ్రమ్ముకీ మూతకీ చుట్టూ మందపాటి ఇనుప అంచులు. వాటిని ఫ్లాంజిలంటారు. రెండు అంచుల్నీ కలిపి బోల్టులతో బిగిస్తేనే ఆవిరి లోపల ఉంటుంది. ఒక్కో బోల్టు బాధ్యత ఒక్కో ఉద్యోగిది.

మృగరాజు కూర్చునే చోటికి సరిగ్గా అవతలి పక్క బోల్టు ముంగిసది. అక్కడ కాస్త ఆవిరి కారుతోంది.

"ఇంకోసారి కారిందంటే నీ ఉద్యోగం ఊడినట్టే," అన్నాడు మృగరాజు.  ముంగిస ఇంట్లో పసికూనలు ఆ జీతం దుంపల మీదే బతుకుతున్నాయి.

ఫ్లాంజిని మెరుగుపరచమని గుంటనక్కని పెట్టి కమిటీ వేశారు.

"కొత్త ఫ్లాంజికి బోల్టులు రెట్టింపు చేద్దాం," అంది నక్క. "ఎవరికి ఎక్కడ కావాలో చెప్పండి."

"నాకు ప్రభువుల పక్కన," అంది ఎలుగుబంటి.

"నాకు ఎలుగుబంటిగారి కంటే కాస్త దగ్గరగా," అంది తోడేలు.

అడవిపంది అడగనైనా అడగలేదు, ఆ ఇద్దరి మధ్యా దూరిపోయింది. బోల్టు బెజ్జాలన్నీ ఒక పక్కే ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి.

ముంగిస చెయ్యెత్తింది. "అయ్యా, నా వైపు కూడా ఎవరినైనా వెయ్యండి. ఒక్కదాన్నే ఆ మూతని పట్టలేను."

"అటు పక్కనుంటే ప్రభువులకి కనబడం కదమ్మా," అంది నక్క జాలిగా. "కనబడని చోట ఎవరు పనిచేస్తారు చెప్పు?"

ప్రారంభోత్సవం నాడు అందరూ మృగరాజు కళ్ళెదుట ఒళ్ళు వంచి బిగించారు. అంతగా ఒళ్ళు వంచడం అడవి ఎన్నడూ చూడలేదు. ప్రభువుల వైపు అంచు అతుక్కుపోయింది, ముంగిస వైపు అంచు మెల్లగా నోరు తెరిచింది. ముంగిస స్పానరు పట్టుకుని వేలాడినా లాభం లేకపోయింది.

బాయిలరు కింద మంట పెట్టారు. ప్రభువుల దగ్గర ఎంగిలి పడకూడదని టిఫిన్లు మాత్రం ముంగిస వైపు పెట్టారు. పళ్ళేలు పట్టుకుని అందరూ అటు పరిగెత్తారు.

"ఇక్కడ నిలబడకండయ్యా, మూత లేస్తోంది," అని ముంగిస మొత్తుకుంది.

"ముందు పెద్దవాళ్ళు తినాలి, జరుగు," అంటూ ఎలుగుబంటి దాన్ని వరస చివరికి నెట్టేసింది.

అప్పుడే ముంగిస బోల్టు టప్పున తెగింది. మూత ఆ పక్క తలుపులా తెరుచుకుంది. మరిగే ఆవిరి ఎగదన్ని, వరసలో ముందున్న పెద్దలందరి బొచ్చూ ఊడిపోయింది.

మర్నాడు కమిటీ కట్లు కట్టుకుని విచారణకి కూర్చుంది. "డిజైనులో లోపం లేదు," అంది నక్క మూలుగుతూ. "ప్రభువుల వైపు ఒక్క బోల్టు కూడా సడలలేదు. తెగింది ముంగిసదే."

"నేను ముందే చెప్పానయ్యా."

"చెప్పావు. అంటే నీకు ముందే తెలుసన్నమాట. పైగా ఒళ్ళు కాలనిది నీకొక్కదానికే."

ముంగిస పిల్లల్ని నోట కరుచుకుని అడవి దాటిపోయింది. దాని బోల్టు దగ్గర పనికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకని కమిటీ బాగా ఆలోచించి, ఆ బోల్టుని కూడా మృగరాజు వైపుకే మార్చింది.

నీతి: ఆఫీసులో ఏదైనా పేలినప్పుడు, నిర్దోషి అనిపించుకోవాలంటే ఒళ్ళు కాస్తయినా కాలి ఉండాలి.