స్వతంత్ర పరిశోధనకు హారతి

ముందు సైరన్ వినబడింది. పెనుకొండ వైపు నుంచి, మలుపు మలుపుకూ పెరుగుతూ, హిందూపురం కుక్కలచేత వంత పాడించుకుంటూ వచ్చింది. మంత్రిగారు ఆ తరువాతే కనిపించారు.

దిగుతూనే ప్రకటించారు. కార్ల పరిశ్రమ గురించి ఇకపై ప్రభుత్వం ఆలోచించదు. ఆలోచన మీద ప్రభుత్వపు నీడ పడరాదు. అందుకే స్వతంత్ర పరిశోధన, కన్సల్టింగ్ సంస్థ ఒకటి వెలసింది. కొత్త కార్ల ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో అదే తేలుస్తుంది.

తేల్చేసింది కూడా. నివేదికలో సప్లై చైన్, గ్రోత్ కారిడార్, రోడ్ మ్యాప్ అన్నీ బయలుదేరి, ధర్మవరం దారిలో మంత్రిగారి చీనీతోట దగ్గర కలుసుకున్నాయి. రాసినవాడు సంస్థలోని ఏకైక పరిశోధకుడు శివకృష్ణ. ఫ్యాక్టరీ పెట్టబోయే విదేశీ కంపెనీవారు దాన్ని స్వతంత్రమని నమ్మితే అతని ఉద్యోగం పర్మినెంటు. ఉద్యోగం పర్మినెంటయితేనే ధర్మవరం భాగ్యతో పెళ్లి. ఆమె నాయన మాట మగ్గం మీది పడుగులా బిగువైనది.

చైర్‌పర్సన్ ఎంపిక ఒక చారిత్రక ఘట్టం. తన పేరు జపించనివారే స్వతంత్రులని మంత్రిగారి సిద్ధాంతం. నియోజకవర్గమంతా గాలించారు. అధికారులు జపిస్తున్నారు, కార్యకర్తలు జపిస్తున్నారు, ప్రతిపక్షం తిట్టడానికైనా జపిస్తోంది. పెళ్లయిననాటి నుంచి ఆ పేరు నోట పలకని ప్రాణి ఒక్కరే దొరికారు. ఆయన భార్య ఈశ్వరి.

“ఆడవాళ్లు మొగుని పేరు పలకరు గదా సార్, అందుకని...” శివకృష్ణ నసిగాడు.

“కారణం ఏదయితే ఏమప్పా, స్వతంత్రం స్వతంత్రమే.”

ఆ తర్కంలో శివకృష్ణకు లోపం కనబడలేదు. భాగ్య కనబడింది.

ఆఫీసు ప్రారంభానికి కంపెనీ ప్రతినిధులు విచ్చేశారు. చైర్‌పర్సన్ మీకు బంధువా అని దుబాసీ ద్వారా అడిగారు. ముఖపరిచయం కూడా లేదని మంత్రిగారు సెలవిచ్చారు. ఈశ్వరి పరాయి మగవాణ్ణి చూసినట్టు కొంగు సర్దుకుని నమస్కరించింది. ప్రతినిధులు ముగ్ధులై, ఒప్పందం మీద సంతకానికి కలాలు తీశారు. శివకృష్ణ గుండెలో సన్నాయి మొదలైంది.

రిబ్బన్ తెగింది. ఈశ్వరి గడప దాటబోయింది. హారతి పళ్లెంతో అడ్డంగా చౌడక్క నిలబడింది. ఆమె మంత్రిగారి అక్క. తమ్ముడు కొత్త మిద్దె కట్టినాడని విని బుక్కపట్నం నుంచి వచ్చింది. స్వతంత్రం సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

“మొగుని పేరు చెప్పి లోపలికి పో, అమ్మీ.”

“అవ్వా, ఇది ఇల్లు గాదు, ఆఫీసు,” అన్నాడు శివకృష్ణ.

“గడప ఉండాది గదప్పా?”

మంత్రిగారు దగ్గారు. చౌడక్క కదల్లేదు. ఏడాది పొడుగునా పలకరాని పేరు కొత్త గడప దగ్గర మాత్రం పలికి తీరాలి. ఆడబిడ్డ అడ్డు నిలిచాక, పలకకుండా దాటిన కోడలు ఆ వంశంలో లేదు. దుబాసీ ఈ ఆచారాన్ని వివరించగా ప్రతినిధులు పరవశించి ఫోన్లు పైకెత్తారు. శివకృష్ణ చేతులు జోడించాడు. ఏ దేవుడికో అతనికే తెలియదు.

ఈశ్వరి ముఖం కుంకుమలా ఎర్రబారింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆచారం ప్రకారం మంత్రిగారి ఎడమపక్కన నిలబడి, ఆయన చిటికెనవేలు పట్టుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు పలికింది.

“మంత్రి కుళ్లాయప్ప.”