మెడలు వాల్చిన సబ్బు కోతులు

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సబ్బులు కొనే కొట్టావిడ వచ్చేలోగా ఓ ఖాళీ నూనె డబ్బాని ఎవరి కంటా పడకుండా మాయం చెయ్యాలి. అంతే.

ఆ డబ్బా వెనక పెద్ద కథే ఉంది. కోడలు ఉద్యోగం మానేసి, ఇంటి వెనక గదిలో సబ్బులు చెయ్యడం మొదలుపెట్టింది. పామాయిల్ తోటల కోసం అడవులు నరికేస్తుంటే ఒరాంగుటాన్లనే తోకలేని వానరాలు నిలువ నీడ లేక చచ్చిపోతున్నాయని ఎక్కడో చూసి, ఇక ఆ నూనె చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకుంది. పైగా సబ్బుల్ని ఆ జంతువు ఆకారంలోనే పోసింది. అన్నీ మెత్తటి నూనెలే పోస్తే గట్టితనం ఎక్కణ్ణుంచి వస్తుంది? వారాల తరబడి ఆరబెట్టినా అవి మెడలు వాల్చి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, రైల్లో కునుకు తీసే ప్రయాణికుల్లా కూర్చున్నాయి.

"వీటిని చూస్తే కొట్టావిడ నవ్విపోతుంది అత్తయ్యా. ఇంక నా సబ్బుల పని ఇంతే," అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అత్తగారు తట్టుకోలేకపోయారు. మెట్ల కింద ఓ పామాయిల్ డబ్బా ఉంది. కొట్టావిడ పంపిన అచ్చులతో పాటు వచ్చింది. "పొరపాటున పంపినట్టున్నారు," అని కోడలు దాన్ని అప్పట్లోనే కాలితో పక్కకి నెట్టేసింది. తర్వాతి వాయి కలిపే రోజున, కోడలు ఫోన్‌లో ఉండగా, అత్తగారు దాన్ని తెచ్చి గుట్టుచప్పుడు కాకుండా పోసేశారు. ఆ వాయి రాయిలా గట్టిపడింది.

"చూశారా! చుక్క పామాయిల్ లేకుండానే కోతులు ఎంత ఠీవిగా... ఛ, మీరు అనీ అనీ నాకూ కోతులనే వస్తోంది! అంతా మీ చేతి చలవ అత్తయ్యా!" అని కోడలు మురిసిపోతుంటే, అత్తగారు తలొంచుకుని ఖాళీ అచ్చులు తుడవసాగారు.

ఇక ఆ ఉదయం సంగతి. అత్తగారు డబ్బా చంకన పెట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చేసరికి గంట మోగింది. కొట్టావిడ ముందే వచ్చేసింది! చేసేది లేక డబ్బాని ముందుగదిలో బోర్లించి, మీద దుప్పటి కప్పేశారు. "అబ్బ, ఏం ఎండమ్మా!" అంటూ కొట్టావిడ నేరుగా వచ్చి దాని మీదే కూలబడింది. డబ్బా 'డుబుక్కు'మంది.

"కొత్త స్టూలా? ఎప్పుడు కొన్నావ్?" అన్నారు మామగారు.

"మీరెళ్ళి మంచినీళ్ళు పట్టుకురండి ముందు," అన్నారు అత్తగారు పళ్ళు బిగించి.

"ఇంతకీ ఏ నూనె వాడారమ్మా?" అంది కొట్టావిడ.

"పామాయిల్ మాత్రం చుక్క లేదండీ!" అంది కోడలు గర్వంగా.

ఆవిడ ముఖం అదోలా పెట్టింది. పసిగట్టేసిందనుకున్నారు అత్తగారు. అభం శుభం తెలియని పిల్ల చేత అబద్ధం సబ్బులు అమ్మించడమా? గబగబా వెనక గదిలోకి పోయి, గట్టి సబ్బులన్నీ బట్టలుతికే మిషన్లో కుక్కి, పాత మెత్తటివి పళ్ళెంలో పెట్టుకొచ్చారు.

"అయ్యయ్యో! రాత్రికి రాత్రే వీటికేమొచ్చింది?" అని కోడలు బావురుమంది.

కొట్టావిడ ఒకదాన్ని ఎత్తి చూసింది. తల ఆవిడ చేతిలోకి వచ్చింది, ఒళ్ళు పళ్ళెంలోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మామగారు ఒక చేత్తో నీళ్ళూ, ఇంకో చేత్తో గట్టి సబ్బులూ పట్టుకుని దిగారు. "ఇవి మిషన్లో ఉన్నాయేంటే? చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే బట్టలతో కలిపి తిప్పేసేవాణ్ణి!"

అత్తగారి ధైర్యం జారిపోయింది. "నేనే పోశానమ్మా పామాయిల్. నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నువ్వేడుస్తుంటే చూడలేకపోయాను. ఆ డబ్బా మీదే ఆవిడ కూర్చుంది."

కోడలి ముఖంలో నెత్తురుచుక్క లేదు. కొట్టావిడ లేచి, దుప్పటి తీసి చూసి, పకపకా నవ్వింది.

"ఇది నేను పంపిందే కదమ్మా! వాడి చూడమనే పంపాను. వాడలేదని నువ్వంటే మనసు చివుక్కుమంది. ఇది అడవి కొట్టకుండా వేసిన తోటల నూనె. ఏ తోటదో అడిగితే అమ్మేవాళ్ళు చెప్తారు. అందరూ దీన్ని మానేసి వేరే నూనెల మీద పడితే, వాటి దిగుబడి తక్కువ కాబట్టి అంత నూనెకి ఇంకా ఎక్కువ నేల కావాలి. అప్పుడు ఇంకో అడవి పోదూ?"

కోడలు డబ్బా తిప్పి చూసి నాలుక్కరుచుకుంది. "పేరు చూడగానే ఒళ్ళు మండింది, మిగతాది చదవనే లేదు!" అంటూ అత్తగారి మెడ చుట్టూ చేతులేసింది.

"అయితే కోతుల ఉసురు నాకు తగలదన్నమాట!" అని అత్తగారు ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలారు.

"కోతులు కాదత్తయ్యా, ఒరాంగుటాన్లు."

"ఏవైతేనేం, చల్లగా బతకనీ!"

గట్టి సబ్బులన్నీ కొట్టావిడ బండెక్కాయి. మెత్తటి వాయి మొత్తం మామగారి స్నానానికి రాసిపెట్టారు. ఆయన ఇప్పుడు పూటకో తల అరగదీస్తున్నారు.