అర్ఫా సీటు, లాల్ అహ్మద్ హిందీ

ఆ గురువారం పొద్దున లాల్ అహ్మద్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రైతు బుల్లయ్య పరుపు పదింటికల్లా కుట్టి ఇచ్చేయాలి. యూనివర్సిటీ నుంచి ఫోనొస్తే కూతురి సీటుకు సరేననాలి. భోంచేసి ఓ కునుకు తీయాలి.

కూతురు అర్ఫా నెలరోజులు ఫోనుతో కుస్తీ పట్టి వెతికిన యూనివర్సిటీ అది. మధ్యప్రదేశ్‌లో ఉంది, ప్రభుత్వానిది. ఫీజు, హాస్టలు, ఏడాదికి రెండుసార్లు రైలు ఛార్జీ అన్నీ కలిపినా ఇక్కడి కాలేజీలవాళ్ళు అడిగినదాంట్లో సగం లేదు. "కంప్యూటర్స్ వస్తే చాలు నాన్నా. పుట్టినప్పట్నుంచీ ఈ దూదిలోనే ఉన్నా. జడ దులిపితే దిండుకి సరిపడా వస్తుంది" అంది. లాల్ అహ్మద్‌కూ అదే కోరిక. అద్దంకిలో ముప్పయ్యేళ్ళుగా దూది ఏకి ఏకి తను తెచ్చుకున్న దగ్గు ఆ పిల్లకు రాకూడదు.

పదిన్నరకు ఫోను మోగింది. ఎదురుగా బల్లమీద బుల్లయ్య కూర్చుని ఉన్నాడు.

"బోలియే జీ!" అన్నాడు లాల్ అహ్మద్, బుల్లయ్యకు బాగా వినబడేలా.

పేరు చూసి ఆయనకు హిందీ వచ్చని ఊరంతా నమ్మింది. ఇంట్లో తాతల నాటినుంచీ తెలుగే. ఆయనకు వచ్చిన హిందీ మొత్తం 'చెప్పండి' అనే 'బోలియే జీ', 'అవునండీ' అనే 'హాఁ జీ', 'తప్పకుండా' అనే 'బిల్కుల్'. ఈ మూడింటితోనే, దుప్పట్లమ్మే ఉత్తరాదివాళ్ళ దగ్గర ఊరి తరఫున బేరాలాడి, ప్రతిసారీ వాళ్ళు చెప్పిన ధరకే కొనిపెట్టేవాడు. 'నాకు రాదు' అని చెప్పడానికి ఎప్పుడూ నోరు రాలేదు.

ఫోను చేసినాయన పేరు ఫిలిప్ అట, అడ్మిషన్ల ఆఫీసరట. ఆ తర్వాత ఏమన్నాడో లాల్ అహ్మద్‌కు అల్లా సాక్షిగా తెలియదు. ఆయన ఆగినప్పుడల్లా "హాఁ జీ" అన్నాడు. గొంతు పెంచినప్పుడు "బిల్కుల్" అన్నాడు.

"నాన్నా, నాకివ్వు ఫోను. స్కూల్లో హిందీ చదివాగా" అంది అర్ఫా.

"పెద్దోళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నువ్వేంటమ్మా?" అన్నాడు.

ఫోను పెట్టేయగానే బుల్లయ్య లేచి నిలబడ్డాడు. "అబ్బ! ఏం మాట్లాడారండీ సాయిబుగారూ! మావాడిక్కూడా అక్కడే సీటు చూడండి. మిరపతోట నల్లతామర పురుగు పాలైపోయింది. ఇక్కడి ఫీజులు నావల్ల కాదు."

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే బాగుండేది.

"దానికేముంది బుల్లయ్యా, మన ఫిలిపేగా!" అన్నాడు లాల్ అహ్మద్.

వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది తండ్రులు పిల్లల మార్కుల కాగితాలు తెచ్చి కొట్లో పెట్టారు. అర్ఫా వాటిని యూనివర్సిటీకి పంపింది. ఫిలిప్ రోజు విడిచి రోజు ఫోను చేశాడు. లాల్ అహ్మద్ రోజు విడిచి రోజు హాఁ జీ అన్నాడు. "అంతా సెట్ చేశా" అని అందరికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా తనకే నమ్మకం కుదిరింది.

రెండో శనివారం పొద్దున అర్ఫా ఫోనుకు ఉత్తరం వచ్చింది. ఆదివారం ఫిలిప్ స్వయంగా వస్తున్నాడు. నలభై మందికి భోజనాలు పెట్టడానికి ఒప్పుకున్నందుకు లాల్ అహ్మద్‌కు కృతజ్ఞతలు చెప్పాడు. కింద ఇంకో కబురుంది. తండ్రిగారి కోరికపై అర్ఫాకు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ కేటాయించారు. ఆదివారం సాయంత్రంలోగా మార్చుకోకపోతే అదే ఖాయం.

"మళ్ళీ దూదేనా నాన్నా?" అంది అర్ఫా.

భార్య రహిమున్నీసా అట్లకాడతో వచ్చింది. "నలభై మందికా? ఇంకెన్నిటికి హాఁ జీ అన్నావయ్యా? ఇల్లేమన్నా రాసిచ్చావా?"

రాసివ్వలేదని లాల్ అహ్మద్ గట్టిగా చెప్పలేకపోయాడు.

ఆదివారం కొట్టు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు పరుపులమీద కూర్చున్నారు. ఫిలిప్ బస్సు దిగి వచ్చి, చెమట తుడుచుకుని హిందీ మొదలుపెట్టాడు.

"ఏమంటున్నారండీ?" అన్నాడు బుల్లయ్య, లాల్ అహ్మద్ చెవిలో.

"మనందర్నీ చూసి చాలా సంతోషంగా ఉందంటున్నారు" అని ఆయనా చెవిలోనే చెప్పాడు.

ఫిలిప్ ఇంకా చాలాసేపు సంతోషించాడు. చివరికి ఒక కాగితం తీసి, అర్ఫాను చూపించి, పెన్ను పట్టుకుని ఏదో అడిగాడు. "హాఁ జీ" లాల్ అహ్మద్ నాలుక చివరికొచ్చేసింది. అర్ఫా తల వంచుకుని నిలబడి ఉంది. ఆ పిల్లను చూసి ఆయన ఆ మాట మింగేశాడు.

"నాకు హిందీ రాదండీ!" అని అరిచాడు. "ఒక్క ముక్క రాదు. ఆ టెక్స్‌టైలు నేనడిగింది కాదు, నా నోరు అడిగింది. మా అమ్మాయికి కంప్యూటర్సే కావాలి. అర్ఫా, ఆయనకి హిందీలో చెప్పమ్మా!"

ఫిలిప్ పెన్ను కింద పెట్టాడు.

"మీకు తెలుగొచ్చా అండీ?" అన్నాడు, తెలుగులో.

"వచ్చిందల్లా అదేనండీ!"

"అయ్యో, నాది మంగళగిరండీ! ఫోనెత్తగానే 'బోలియే జీ' అన్నారు, తెలుగు రాదేమో అనుకున్నా. నాలుగేళ్ళయింది అక్కడ చేరి. నేను హిందీ మాట్లాడితే మా ఆఫీసు ప్యూను కూడా నవ్వుతాడు. మీరొక్కరే అన్నిటికీ హాఁ జీ అన్నారు. మీతో మాట్లాడాకే నాకు కాస్త ధైర్యం వచ్చింది."

కాగితం మీద టెక్స్‌టైల్ కొట్టేసి కంప్యూటర్స్ అని రాశాడు. అర్ఫా తండ్రి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ముప్పయ్యేళ్ళ పరువు పోయినా లాల్ అహ్మద్‌కు ఎందుకో ప్రాణం తేలికపడింది.

"ఇంతకీ మావాడికి ఏ బ్రాంచి చెప్పారండీ సాయిబుగారూ?" అన్నాడు బుల్లయ్య మెల్లగా.

పద్దెనిమిది మంది తండ్రులూ ఒక్కసారే లేచారు. కాగితాలన్నీ సరిచేసి భోజనాలకు కూర్చునేసరికి మధ్యాహ్నం మూడైంది.

అద్దంకిలో పదిరోజులపాటు హిందీలో ఒక్కసారి కూడా కాదనకుండా వ్యవహారం నడవడం అదే మొదటిసారి, హిందీ సరిగ్గా వచ్చినవాళ్ళెవరూ ఆ ఫోన్లలో లేకపోబట్టే.