స్పీకర్ ఫోన్‌లో నా పొత్తికడుపు

ఆడవాళ్ల జబ్బులకి డాక్టరు దగ్గరికి వెళ్లడమంత అనాగరికం మరొకటి లేదు! ఇంట్లో టెలిఫోను ఉండగా ఆ బల్ల మీద పడుకోవడాలూ, ఆ పరీక్షలూ ఎందుకండీ? అనుభవం మీద చెబుతున్నాను.

రెండో కాన్పు దగ్గర్నుంచీ నాకు దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోంది. ఈమధ్య నిలబడి వంట చేస్తుంటే కింద ఏదో జారి వస్తున్నట్టు బరువు. జంషెడ్‌పూర్‌లో డాక్టర్లు లేక కాదు. నా హిందీ కూరగాయల బేరం వరకే. ఈ సంగతి చెప్పడానికి అందులో మాటలెక్కడివి? అందుకని మావారు సీతారామరావుగారు విశాఖపట్నంలో ఒక లేడీ డాక్టరుగారిని పట్టారు. ఆదివారాలు ఫోన్‌లో చూస్తారట. చూస్తారు! ఎంత చక్కటి మాట!

మావారు ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరు. అక్కడ రోజూ పొద్దున్నే స్పీకర్ ఫోన్ చుట్టూ కూర్చుని, ఏ మెషిన్ ఎందుకాగిందో ఒక్కొక్కరే రిపోర్టు చేస్తారు. మెషిన్‌ని ఎవరూ ఏమీ అడగరు. బారిడీహ్ కాలనీలోని మా హాల్లోనూ అదే పద్ధతి. సోఫాలో ఆయన, దివాన్ మీద మా అత్తగారు కస్తూరమ్మగారు, పేపరు కోసం వచ్చి ఉండిపోయిన పక్క క్వార్టరు కూర్మారావుగారు. నేను మెషిన్‌ని కాబట్టి గుమ్మం దగ్గర నిలబడతాను.

"మేడమ్, మా మిసెస్‌కి లీకేజీ అండి. ఇంటర్మిటెంట్. లోడ్ పడితే ఎక్కువ" అని మావారు మొదలుపెడతారు.

"ఏటి లోడు? నలుగుర్ని కన్నాను, నాకు రానిది ఈవిడికొచ్చిందేటి? ముందు నా మోకాళ్ల సంగతేటో అడగరా!" అంటారు అత్తగారు.

"నీళ్లు తాగడం తగ్గిత్తే ఫౌరన్, ఎంటనే ఆరామ్ వత్తాదండీ" అని కూర్మారావుగారు డాక్టరుగారికే వైద్యం చెబుతారు.

సిగ్గుతో నేల చీలితే బాగుండుననిపిస్తుంది. కానీ ఫలితాలు చూడండి! అత్తగారి మోకాళ్లకి మాత్రలొచ్చాయి. మావారి బీపీకి కూరలో ఉప్పు తగ్గింది. కూర్మారావుగారి గ్యాస్‌కి సిరప్ దొరికింది. ఒక్క కాల్‌తో ఇంతమందిని బాగుచేసే ఆస్పత్రి మీరెక్కడైనా చూశారా? నా వంతు వచ్చేసరికి డాక్టరుగారికి టైమైపోతుంది, అంతే.

మొన్న ఆదివారం ఆవిడ, "నవ్వినప్పుడు కూడా పడుతుందా?" అని అడిగారు.

"లేదు మేడమ్. ఆవిడ అసలు నవ్వదు. సీరియస్ టైపు" అన్నారు మావారు, నా వైపు చూడకుండానే.

నన్ను మాట్లాడనివ్వమని లోపలి గదిలోంచి మా అమ్మాయి మైత్రి హిందీలో అరిచింది. "పాపా, మమ్మీ కో బోల్‌నే దో నా!"

"నువ్వుండవే, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే!" అన్నారు మావారు.

ఇన్ఫెక్షన్ అయి ఉంటుందని మాత్రలు చెప్పి డాక్టరుగారు ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఆటో ఎక్కి భాలుబాసా వెళ్లాను, ఎస్‌టీడీ బూత్‌కి. అద్దాల తలుపు వేసుకున్నాను. దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తున్నాను, కానీ ఒక్కడికీ వినిపించను! మా హాల్లో ఇంత ఏకాంతం ఏనాడైనా దొరికిందా?

"ఎవరండీ?" అన్నారు డాక్టరుగారు.

"పేషెంటునండీ. సీతారామరావుగారి భార్య కుసుమకుమారిని."

"అమ్మయ్య! ఇన్నాళ్లకి!" అన్నారావిడ.

అన్నీ చెప్పాను. నా నోటితో, తెలుగులో. ఆవిడ మళ్లీ ఆ నవ్వు సంగతే అడిగారు.

"పడుతుందండీ. అందుకే నవ్వడం మానేశాను. రెండేళ్లయింది."

"ఇది ఫోన్‌లో తేలేది కాదమ్మా. నేను చూడాలి. టికెట్ తీయించుకుని వచ్చెయ్యండి" అన్నారు.

కాబట్టి టెలిఫోను గొప్పదే, కాదనను! నేనెందుకు నవ్వడం లేదో ఎక్కడో విశాఖపట్నంలో ఉన్నావిడకి ఒక్క కాల్‌తో తెలిసిపోయింది. రెండేళ్లుగా రోజూ నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగే మనిషికి కూడా ఆ సంగతి తెలియాలంటే ఏ ఊరికి ఎస్‌టీడీ చెయ్యాలో, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.