సున్నం గడ్డకట్టకముందే

ఆ రోజు రామప్ప పెట్టుకున్న పని చిన్నదే. పరగడుపున సదుం నుంచి మదనపల్లెకు పోవాలి, ఆస్పత్రిలో తెల్లమందు తాగాలి. అది కడుపులో ఎంతవరకు దిగిందో డాక్టరు గంటగంటకూ ఎక్స్‌రే తీసి చూస్తాడు. మందు పేగుల్లో ఎక్కడైనా ఆగితే ఆపరేషను, ఆగకుండా దిగిపోతే మాత్రలు. కత్తి మాట విన్నప్పటి నుంచి రామప్పకు కడుపునొప్పికంటే భయమే ఎక్కువైంది. తోడుగా భార్య చెంగమ్మ, ఆమె తమ్ముడు ముద్దుకృష్ణ వచ్చారు. ముద్దుకృష్ణ గారపనివాడు. ఇళ్ళకు సున్నం కొట్టడంలో సదుంలో అతని తర్వాతే ఎవరైనా.

మందు తాగించి, మొదటి ఎక్స్‌రే తీసి, "గంట తర్వాత రా. ఏమీ తినకు, అటూ ఇటూ తిరుగుతుండు" అన్నాడు డాక్టర్ హరినాథ్.

గ్లాసు అడుగున మిగిలిన మందును ముద్దుకృష్ణ వేలితో తీసి ఆస్పత్రి గోడకు రాసి చూశాడు. మొహం మారిపోయింది.

"బావా, ఇది సున్నమే! కదలకుండా పెడితే అడుక్కు దిగి గడ్డకడతాది. నీ పేగుల్లో గోడ లేస్తాది సూడు."

"తిరగమన్నాడు గదరా, తిరుగుతాండాను."

"తిరిగితే సాలదు బావా. తొట్టిలో సున్నాన్ని మేము కట్టెతో కలబెడతాము. నీ కడుపులోకి కట్టె పెట్టలేము గదా!" అని, "పుంగనూరు బస్సు, వెనకసీటు! ఆ దోవ గుంతలే కలబెడతాయి" అన్నాడు.

రామప్ప కళ్ళముందు కత్తి మెరిసింది. చెంగమ్మను బెంచీ మీద కాపలా పెట్టి ఇద్దరూ బస్టాండుకు పరుగెత్తారు. సగం దోవలో దిగి, ఎదురొచ్చే బస్సులో గంటలోపే తిరిగి రావాలని వాళ్ళ లెక్క.

"ముందర సీట్లు కాలీగా ఉండాయి. యాల ఈడ ఎగిరెగిరి పడతాండారప్పా?" అన్నాడు కండక్టరు నాగేంద్ర.

ముద్దుకృష్ణ సంగతి చెప్పాడు. చెప్పింది కండక్టరుకే, విన్నది బస్సంతా.

"డ్రైవరన్నా, గుంతలు తప్పించొద్దు! ఈడొక పానం ఉండాది!" అని నాగేంద్ర కేకేశాడు. ఏళ్ళ తరబడి తప్పించుకు తిరిగిన గుంతలన్నిటినీ డ్రైవరు ఆ పూట పేరుపేరునా పలకరించాడు.

"ఇప్పుడు యాడికొచ్చింటాది మందు?" అని గాజుల వ్యాపారి హిదాయతుల్లా తన పెట్టెను గట్టిగా వాటేసుకుని అడిగాడు.

"బొడ్డు కాడికొచ్చినట్టుండాది" అన్నాడు రామప్ప.

ఆ మాట సీటు సీటూ దాటి ముందుకు పోయేసరికి మందు బొడ్డు దాటి తొడలోకి దిగింది. "మోకాలికొచ్చిందంట తల్లీ" అని డ్రైవరు వెనక కూర్చున్న ముసలి మారెమ్మ దండం పెట్టుకుంది.

సగం దోవలో దిగుతామంటే బస్సు ఒప్పుకోలేదు.

"మోకాలి కాడ ఇడిసిపెట్టి పోతావా భాయ్? ముందర పెద్దగుంత ఉండాది, కూసో" అన్నాడు హిదాయతుల్లా.

పెద్దగుంతలో పడగానే బస్సు కింద కమానుకట్ట ఫట్‌మని విరిగి, బస్సు అక్కడే నిలిచిపోయింది. ఎదురొచ్చే బస్సు ఎంతకూ రాలేదు.

అక్కడ ఆస్పత్రిలో డాక్టరు మూడోసారి బయటికొచ్చి, "రామప్ప ఎక్కడమ్మా?" అని అరిచాడు.

"మందును పుంగనూరు దిక్కు తిప్పుకోని వచ్చేదానికి పోయినాడు సార్, వచ్చేస్తాడు" అంది చెంగమ్మ.

పొద్దు వాలాక టమాటాల ట్రాక్టరొకటి ఆస్పత్రి ముందు ఆగింది. అందులోంచి రామప్పతోపాటు సగం బస్సు దిగింది. సంగతి తేలేదాకా ఇళ్ళకు పోయేది లేదని వరండాలో కూర్చుంది.

"మధ్యలో తీయాల్సినవన్నీ పోయాయి! రేపు మళ్ళీ తాగాల్సిందే!" అని డాక్టరు తిడుతూనే ఒక ఎక్స్‌రే తీశాడు. ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"మందంతా పెద్దపేగులోకి దిగిపోయింది. అడ్డమేమీ లేదు. ఆపరేషన్ అక్కర్లేదు."

వరండాలో ఈలలు లేచాయి.

"అంతా బస్సు మహిమ సార్!" అన్నాడు నాగేంద్ర.

"పేగులే నెట్టుకుంటాయయ్యా. ఈ బెంచీ మీద కూర్చున్నా దిగేదే."

ఆ మాట ఎవరూ నమ్మలేదు. అందరూ కూర్చున్నా ముద్దుకృష్ణ ఒక్కడే నిలబడి ఉండడం అప్పుడు డాక్టరు కంటబడింది.

"నువ్వేం, కూర్చోవా?"

"కూసోలేను సార్. పెద్దగుంత కాన్నించి."

రామప్ప పడుకున్న ఎక్స్‌రే బల్ల మీదే పడుకోబెట్టి అతనికీ ఎక్స్‌రే తీశారు. ముడ్డిపూస చిట్లింది. మాత్రల పొట్లం జేబులో వేసుకుని రామప్ప నడిచి బయటికొచ్చాడు. ముద్దుకృష్ణను బోర్లా మోసుకొచ్చారు.

ఆ తర్వాత చాలాకాలం సదుంలో కడుపునొప్పి వచ్చినవాళ్ళు, డాక్టరు ఎప్పుడుంటాడని కాక, ఆ డ్రైవరు డ్యూటీ ఎప్పుడని అడిగేవాళ్ళు.